అక్క రిపోర్టుతో నేనాడిన బేరం

నార్మల్ అన్న మాట ఎవడు కనిపెట్టాడో గానీ, దొరికితే వాడికి నాలుగు తగిలించాలని ఉంది. వాడికంటే ముందు నాకు పడాలి.

మా అక్కకు రొమ్ములో కాన్సర్ గడ్డ వచ్చింది. ఆపరేషన్ చేసి, ఆరు కీమోలన్నారు. ప్రతిసారీ సిరిసిల్ల నుంచి కోరుట్లలోని మా ఇంటికి వచ్చి, మర్నాడు నాతో జగిత్యాల ఆసుపత్రికి వచ్చేది. మూడయ్యాయి. ఈలోగా అక్క అత్తగారు సాంచాల చప్పుడును మించి అరవడం మొదలుపెట్టింది. ఇంట్లో బట్ట నేసే సాంచాలు నాలుగుంటే, ఐదోది ఆమె నోరు.

"మా దిక్కు ఎవ్వలకు లేదు. గీ రోగం మీ తల్లిగారింటి రక్తంలనే ఉన్నది."

నాకు ఒళ్లు మండింది. బట్టల దుకాణంలో పుట్టి పెరిగినవాణ్ణి. సరుకులో మచ్చ ఉందంటే వెలుతురులో పెట్టి చూపించి నోరు మూయించడం మా వృత్తి. డాక్టరమ్మ వంశపారంపర్య జీన్ల పరీక్ష రాసింది. ఫలితం నార్మల్. ఆ కాగితాన్ని సిరిసిల్ల తీసుకుపోయి, అత్తగారి ముందు థాను విప్పినట్టు విప్పాను.

"సూడు. మా రక్తం బంగారం."

ఆమె లేచి సాంచాల వైపు వెళ్లిపోయింది. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. అక్క మెల్లగా అడిగింది.

"జీన్లు మంచిగుంటే ఇంక కీమో ఎందుకు తమ్మీ? నోరంత పుండైంది. నీళ్లు గూడ మింగుతలేను."

"గదే గదా! ఆరంటే మూడుకు తెంపుకోవాలె," అన్నాను. ఏది చెప్పినా సగానికి దించందే నాకు అన్నం అరగదు.

నాలుగోదానికి అక్క రాలేదు. ఆసుపత్రి వాళ్లు ఫోన్ చేస్తే, పెళ్లికి పోయిందని అబద్ధమాడాను. మూడు వారాలు గడిచాక అక్క బిడ్డ హైదరాబాద్ నుంచి వచ్చింది. ఆ పిల్ల ల్యాబులో ఆర్‌ఎన్‌ఏను పట్టుకునే ప్రోటీన్ల మీద పరిశోధన చేస్తుంది. సంగతి వినగానే నా మీద పడింది.

"మామా, నీకు దిమాక్ ఉన్నదా? గా పరీక్ష పుట్టుకతోని వచ్చే కొన్ని జీన్లనే సూస్తది."

"జీన్ల తప్పు లేకుంటే రోగం ఎట్లొస్తదే?"

"జీన్ అంటే సాంచాల ఆసామి బీరువాల ఉండే డిజైన్ల బుక్కు అనుకో. సాంచె కాడికి బుక్కు పోదు. దాని నకలు చిట్టీ పోతది. గదే ఆర్‌ఎన్‌ఏ. చిట్టీని సాంచెకు ఇయ్యాల్నా, పక్కకు పెట్టాల్నా, చింపాల్నా అని సూసే ప్రోటీన్లు వేరే ఉంటయి. చింపాల్సిన చిట్టీని చింపకుండ మళ్ల మళ్ల సాంచె మీద పెడితే ఏమైతది?"

"బట్ట కుప్పలు పడతది."

"గట్లనే కణాన్ని పెరుగుమనే ప్రోటీన్ కుప్పలు పడతది. పెరుగుడు ఆపే చిట్టీని దాచిపెడితే, ఆపేటిది తయారే కాదు. బుక్కుల ఒక్క అక్షరం మారకున్నా సరే."

"మీ అమ్మ గడ్డల గిట్లనే అయిందా?"

"నాకు తెల్వదు. ఎవ్వలు సూడలే. నీ కాగితమైతే గటు దిక్కు తొంగి గూడ సూడలే."

సిగ్గులేని నోరు నాది, అప్పుడు కూడా ఊరుకోలేదు. "మరి గా చిట్టీ పట్టుకునేటోణ్ణి ఆపే మందే ఇప్పియ్యరాదు? కీమో పీడ పోతది."

"దానికోసమే కొట్లాడుతున్నం మామా. అమ్మకు అక్కరకొచ్చే మందు ఇంక రాలే. ఇప్పుడు ఉన్నది కీమోనే. గదే నువ్వు బంద్ పెట్టిచ్చినవ్."

ఒక ముసలామె నోరు మూయించడానికి మా అక్క ప్రాణాన్ని కాటా ఎక్కించాను. రక్తం శుభ్రమని తేలితే నెగ్గినట్టేనా? పరీక్షలో లోపం కనపడి ఉంటే అక్క ఏం నేరం చేసినట్టు? అత్తగారి తిట్టును కాదన్నాను గానీ, ఆ తిట్టులోని లెక్కనే నేనూ ఒప్పుకున్నాను.

మర్నాడు అక్కను జగిత్యాల తీసుకెళ్లాం. డాక్టరమ్మ పరీక్షించి, కొత్తగా రక్తపరీక్షలు చేయించి, కీమో మళ్లీ మొదలుపెడదామంది.

"నడుమ ఆగినందుకు ఏమన్నా నష్టమైందా మేడం?" అన్నాను.

"ఇప్పుడే చెప్పలేం. ఆపకుండా ఉండాల్సింది."

మంచో చెడో, ఏదో ఒకటి తేల్చమని మళ్లీ నోరు తెరిచాను. అక్క నా వైపు తిరిగింది.

"ఇగ నోర్మూసుకోని బయట కూసో తమ్మీ. నీ మాట ఇన్నందుకే గిట్లయింది."

బయట కూర్చున్నాను. లోపల నర్సు సూది గుచ్చడానికి చెయ్యి అడిగినట్టుంది.

"గా చెయ్యి ఆపరేషనైన దిక్కు బిడ్డా, దానికి సూది వద్దన్నరు," అంటోంది అక్క. "ఇగో, గీ చేతికి గుచ్చు."