టీ గ్లాసు బరువు

ఆర్మీ ఆసుపత్రి వార్డులో రిపోర్టు చేసింది ఉదయం ఆరింటికి. అంతకు ముందు వారం, మంచుకొండ మీది పోస్టుకు కిరోసిన్ డబ్బా మోస్తూ జారి పడ్డాను. కుడి భుజం కీలు నుజ్జయింది. మర్నాడు ఏడింటికి దాన్ని తీసేసి లోహపు కీలు పెట్టారు.

సర్జన్ ఆర్డర్లు చిన్నవి. ఆరు వారాలు చేతికి పట్టీ. రోజుకు మూడుసార్లు ముందుకు వంగి, చెయ్యి వేలాడదీసి మెల్లగా ఊపాలి. టీ గ్లాసుకు మించి బరువు ఎత్తకూడదు. రబ్బరు బ్యాండుతో బలం పెంచే కసరత్తు మూడో నెలలోనే. లోహపు కీలు పెట్టడానికి ముందువైపు కోసి మళ్ళీ కుట్టిన కండరం అతకాలి కదా అన్నారు.

నాకు నవ్వొచ్చింది. ఇరవై కిలోల మూటతో కొండలెక్కినవాణ్ణి.

పక్క మంచం రేడియో ఆపరేటర్‌ది. అత్తిలి మనిషి, అదే ఆపరేషన్. గడియారం చూసి మరీ చెయ్యి ఊపేవాడు. సర్వీసయ్యాక కొల్లేట్లో అన్నయ్యతో కలిసి వల వెయ్యాలన్నదే నా ఆశ అని అతనికి చెప్పాను. నాలుగో వారంలో నేను చాటుగా నీళ్ళ బకెట్ ఎత్తుతుంటే చూశాడు.

"ఏవండీ, ఆరు వారాలన్నారు కదండీ?"

"నొప్పి లేదండీ."

"నొప్పి లేకపోతే అతికినట్టేనా అండీ?"

ఐదో వారంలో పట్టీతోనే సెలవు మీద మా ఊరు కొల్లేటికోట వచ్చాను. అన్నయ్య పడవ తెచ్చాడు. ఊరొదిలి వెళ్ళినవాడు తిరిగొస్తే గడప తొక్కే ముందు ఒక వల విసరాలి, పడిన చేపే ఆ పూట కూర. అది మా ఇంటి పద్ధతి.

"పట్టీ ఉంది కదరా. ఈసారికి నేను విసురుతాలే," అన్నాడు.

నాకు తలకొట్టేసినట్టయింది. పట్టీ విప్పి విసిరాను. భుజం లోపల తడిగుడ్డ చిరిగినట్టయింది.

మళ్ళీ కోశారు. కుట్టడానికి కండరం మిగల్లేదన్నారు. మొండివాడు రాజు కంటే బలవంతుడంటారు; సర్జన్ కంటే మాత్రం కాదు. ఉద్యోగం పోయింది. చెయ్యి గుండె దాటి లేవదు, ఇక లేవదు కూడా. ఆపరేటర్ తల తనే దువ్వుకుంటున్నాడట. ఫోన్లో వింటే సంతోషమే, కుళ్ళూ ఉంది.

పట్టీ విప్పి విసిరిన ఆ రోజు నా వల విచ్చుకోలేదు. ముద్దగా పడవ పక్కనే పడింది. అన్నయ్య దాన్ని పైకి లాగి, నేను గడప దాటాలని, నా పేరున మళ్ళీ విసిరాడు. అది నీళ్ళ మీద గుండ్రంగా విచ్చుకుంది. కళ్ళు మూస్తే ఇప్పటికీ అదే.