చేదుకు కారం

నా చిన్నప్పుడు నేను మా అమ్మ మీద పగబట్టాను. అలక కాదు, పగే. మా ఇంట్లో ఇప్పటికీ నన్ను వెనకాల తాచుపాము అంటారు, ఒకసారి మనసులో పెట్టుకున్నానంటే మరిచిపోనని. అననీ. ఆ గుణం నాకు ఐదో ఏడు నడుస్తుండగానే వచ్చింది. అందులో కొంత నాకు గుర్తున్నది, కొంత తర్వాత అమ్మ చెప్పగా విన్నది. ఏది ఎంతో ఇప్పుడు విడదీయమంటే నా వల్ల కాదు.

మాది శబరి ఏటి ఒడ్డున కోంటాలో దుకాణం. ఇల్లు దుకాణం వెనకాలే. బజారు రోజున అడవి పల్లెల నుంచి చింతపండు, ఇప్పపువ్వు కావళ్ళలో, గంపల్లో వచ్చేవి. మా దగ్గర ఉప్పు, నూనె, బట్ట తీసుకుని వెళ్ళేవాళ్ళు. మేము శాకాహారులం. గుడ్డు పేరెత్తితే చాలు, మా నాయనమ్మ నోరు పుక్కిలించి రమ్మనేది.

అప్పటికి ఇంట్లో చిన్నదాన్ని నేనే. ఆ వయసు దాకా అమ్మ పాలు మానలేదు. సిగ్గేమీ ఉండేది కాదు. ఆడుకుని వచ్చి, చింతపండు బస్తాల చాటున కూర్చున్న అమ్మ ఒళ్ళోకి ఎక్కి, కొంగు పక్కకు లాగేదాన్ని. అన్నం కూడా తినేదాన్ని గానీ, అన్నం అన్నమే, అమ్మ అమ్మే. ఎవరూ వద్దనలేదు. అమ్మకు మళ్ళీ నెల తప్పాక మాత్రం నాయనమ్మ ఇక మాన్పించాల్సిందేనంది.

ఒక మధ్యాహ్నం ఎప్పటిలాగే వెళ్ళి నోరు పెట్టాను. చేదు. వేపాకు నూరి పట్టించారు. నేను ఉమ్మి, మొహం వికారంగా పెట్టి అమ్మ వైపు చూశాను. నాయనమ్మ నవ్వింది. చింతపండు గింజ తీయడానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు నవ్వారు. వాళ్ళతో పాటు అమ్మ కూడా నవ్వింది.

చేదును క్షమించేదాన్నేమో. ఆ నవ్వును క్షమించలేదు.

గుక్కపట్టి ఏడవలేదు. ఏడిస్తే వాళ్ళు ఇంకా నవ్వుతారని తెలిసినట్టుంది. పోయి గోడకేసి మొహం పెట్టుకుని కూర్చున్నాను. ఆ పూట అమ్మ నెయ్యి వేసి కలిపిన ముద్ద నోటి దాకా తెస్తే పళ్ళు బిగించాను. అప్పుడు అమ్మ మొహంలో నవ్వు పోయింది. అది చూసి నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అమ్మను ఏడిపించే దారి ఇదేనని ఆ ఒక్క ముద్దతో అర్థమైపోయింది.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. మా అమ్మ అడక్కుండానే పెట్టింది, వెంటపడి పెట్టింది. పాలన్నం, పప్పన్నం, బెల్లం కలిపిన అటుకులు. నేను ఒక్క మెతుకు ముట్టలేదు. నీళ్ళు తాగేదాన్ని, నాన్న బతిమాలితే ఒక అరటిపండు ముక్క మింగేదాన్ని. అమ్మ చేత్తో ఇచ్చింది మాత్రం ఉమ్మేసేదాన్ని. నాయనమ్మ దిష్టి తీసింది, వాము నీళ్ళు పోసింది. భద్రాచలంలో డాక్టరుకు చూపిస్తే ఆయన ఆకలి పుట్టే మందంటూ ఎర్రటి సీసా ఇచ్చాడు. దాన్ని పిల్లి తాగే గిన్నెలో ఒంపాను.

నాలుగైదు రోజులకు ఇంకో సంగతి జరిగింది. మొదట్లో ఆకలేసేది, నేనే అణచుకునేదాన్ని. తర్వాత అది వేయడం మానేసింది. పోపు వాసన వస్తే కడుపులో తిప్పేది. పగ కోసమని తరిమేసిన ఆకలి, పిలిచినా రాలేదు. కాళ్ళు పుల్లల్లా అయ్యాయి. రెండడుగులు నడిస్తే కూర్చోవాలనిపించేది. నాకు భయం వేసింది గానీ, భయమని చెబితే అమ్మ గెలిచినట్టే కదా. చెప్పలేదు.

నేను చూడనిది ఇంకొకటి ఉంది. అమ్మకు వేవిళ్ళు. ఏదీ సయించక అంతకు ముందే సగం తిండి తినేది. నేను మానేశాక ఆ సగమూ మానేసింది. పిల్ల పస్తుండగా తల్లి గొంతు దిగుతుందా? గుమ్మం పట్టుకుని గానీ లేవలేకపోయేది. ఇద్దరిలో ఎవరు ముందు మంచం పడతారోనని నాన్న దుకాణంలో కూర్చుని లోపలికి తొంగి చూస్తుండేవాడు.

బజారు రోజు వచ్చింది. మాకు చింతపండు తెచ్చే దొర్ల తెగ అవ్వ ఒకామె ఉండేది. అడవి లోపల పల్లె ఆమెది. గంప దించి, నాన్న చెప్పిందంతా విని, నన్ను ఎగాదిగా చూసింది. అందరూ బతిమాలినట్టు బతిమాలలేదు. నన్ను చంకనేసుకుని పెరట్లో మామిడి చెట్టు కిందికి తీసుకుపోయి, పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఎవరి మీద నీకు పగ?" అంది.

ఇన్ని రోజుల్లో ఆ మాట అడిగిన మనిషి ఆమె ఒక్కతే. ఏం కావాలి, ఏం తింటావు అని అడిగినవాళ్ళే అందరూ. నేను ఇంటి వైపు వేలు చూపించాను.

"ఏం జేసింది?"

"చేదు పెట్టింది. నవ్వింది."

అవ్వ తల ఊపింది. "తప్పే జేసింది. మరి నువ్వు కడుపు మాడ్సుకుంటే ఆమెకేంది? ఆమె నోట్ల ఏం బడ్డది? నీకు చేదు పెట్టింది గద, నువ్వు కారం పెట్టు. పెట్టి, నువ్వు గూడ నవ్వు."

అంత న్యాయమైన మాట నేను మళ్ళీ ఏ పంచాయితీలోనూ వినలేదు.

అవ్వ తన బుట్టలోంచి ఆకు పొట్లం తీసి విప్పింది. లోపల ఎర్ర చీమలు, తెల్లటి గుడ్లు. చెట్టు మీద ఆకులు కుట్టుకుని గూడు కట్టే చీమలవి. వాళ్ళ ఇళ్ళలో వాటిని ఉప్పు, మిరపకాయలతో నూరుకుని తింటారు, ఆ పులుపుకు నోరు బాగవుతుందని జ్వరం పడ్డవాళ్ళకు పెడతారు. పొట్లంలో ప్రాణంతో మిగిలిన చీమ ఒకటి నా వేలు పట్టుకుంది. నేను కెవ్వుమన్నాను.

"కరిసిందా? మరి సూస్తవేంది? నూరు," అని రాయి నా చేతిలో పెట్టింది.

నూరాను. నా వేలు కరిచినదాన్ని, దాని చుట్టాలందరినీ కసిదీరా నూరాను. మిరపకాయలు అవ్వ రెండేసింది, నేను ఇంకో రెండు వేశాను. అది మా ఇంట్లో పెట్టకూడని వస్తువని నాకు బాగా తెలుసు. అందుకే మరీ సంతోషంగా ఉంది. తప్పు కాదా అంటే తప్పే.

ఆకులో పెట్టుకుని, కాళ్ళు వణుకుతున్నా నడిచి వెళ్ళాను. అమ్మ గోడకు చేరగిలబడి ఉంది. నేను వేలి నిండా తీసి, "నోరు తెరు," అన్నాను. అన్ని రోజుల తర్వాత నేను తనతో అన్న మొదటి మాట అది. అమ్మ నా చేతిని చూసింది, నన్ను చూసింది. ఏమిటని అడగలేదు. నోరు తెరిచింది. లోపలి దాకా పూశాను.

అమ్మకు కళ్ళలోంచి, ముక్కులోంచి నీళ్ళు కారాయి. నేను నవ్వాను. గోడ పట్టుకుని, ఊపిరాడక, నోరారా నవ్వాను. నా వెనకే వచ్చిన అవ్వ కూడా నవ్వింది. లెక్క సరిపోయిందనుకున్నాను.

అప్పుడు అమ్మ కళ్ళు తుడుచుకుని, పెదాలు నాక్కుని, "ఇంకొంచెం పెట్టు," అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. శిక్ష వేస్తే ఇంకొంచెం కావాలంటుందేమిటి? వేవిళ్ళ మనిషికి ఆ పులుపు అమృతమని నాకేం తెలుసు. అమ్మ నిజంగానే చెయ్యి చాపింది. పళ్ళెంలో అన్నం కూడా పెట్టుకుంది. నా చీమలు, నా మిరపకాయలు, నా పగ, అన్నీ ఆమె కలుపుకుని తినేలా ఉంది. ఆమెకు దక్కనివ్వకూడదని ఆకు లాక్కుని, మిగిలిందంతా నా నోట్లో కుక్కుకున్నాను. మంటకు తాళలేక అమ్మ పళ్ళెంలోని అన్నం గుప్పిళ్ళతో తిన్నాను. పుల్లగా, ఘాటుగా నోరంతా నీరూరింది. ఇంకో పిడికెడు తిన్నాను. అమ్మ ఇంకో వైపు నుంచి తింది. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా ఇద్దరం పోట్లాడుకుంటూనే తిన్నాం.

ఏం పచ్చడని నాయనమ్మ అడిగితే అవ్వ, "అడివి పులుపు," అంది. అబద్ధం కాదు మరి. ఆ ఏడు తమ్ముడు పుట్టాడు, మూడు శేర్ల గుమ్మడికాయలా ఉన్నాడు.

చాలా ఏళ్ళ తర్వాత, నాయనమ్మ పోయాక, అమ్మను అడిగాను, అందులో ఏముందో తెలుసా అని. "చింతపండు అమ్మేవాళ్ళింటి కోడల్ని. ఏ పులుపు ఎక్కడిదో నాలుక మీద పడగానే తెలియదా?" అంది. "తెలిసీ తిన్నావా?" అంటే, "నువ్వు పెట్టావుగా," అంది. నా పగ అంతటితో తీరిందనుకునేరు. లేదు. నవ్వినందుకు ఇప్పటికీ కోపమే. కాకపోతే నోరు తెరిచినందుకు ఏం చెయ్యాలో మాత్రం నాకు తెలియలేదు, అమ్మ పోయేదాకా తెలియలేదు.

మొన్న జగదల్‌పూర్‌లో మా మనవడికి పాలు మాన్పించారు. ఇప్పుడు వేపాకులెక్కడివి, మా కోడలు ఎర్ర లిప్‌స్టిక్ పూసి దెబ్బ తగిలిందని భయపెట్టింది. వాడు మూడు రోజులుగా అన్నం ముట్టడం లేదు. ఫోనులో బొమ్మలు చూపిస్తూ వెంట తిరుగుతున్నారు. వాడి కళ్ళు చూశాను. నాకు తెలిసిన కళ్ళే.

ఫోను కట్టేయమన్నాను. చింతపండు చిక్కగా పిసికి అన్నంలో కలిపి, గిన్నె వాడి ముందు పెట్టి, ఎదురుగా కూర్చుని నోరు తెరిచాను. వాడు కాసేపు చూసి, గుప్పెడు తీసి నా నోట్లో కసిగా కుక్కాడు. పుల్లగా పళ్ళు జివ్వుమన్నాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాడు నవ్వాడు.

"ఇంకొంచెం పెట్టురా," అన్నాను.

వాడు గిన్నె తన వైపుకు లాక్కున్నాడు.