సుల్తాను తొట్టిలో అత్తరు

"తొట్టిలో ఇసుక మార్చు. వాసన కొడతాంది."

"పిల్లి నీది, వాసనా నీదే. నాకేం సంబంధం?"

మా ఆయనా నేనూ ఈ లోకంలో చివరిగా మాట్లాడుకున్న మాటలివి. నా మాట విని ఆయన నవ్వి, తానే ఇసుక మార్చి, సైకిలుకు పరుపు కట్టుకొని ఆదోని బజారులోకి పోయాడు. మధ్యాహ్నానికి ఎండదెబ్బ తగిలిందని మనుషులు మోసుకొచ్చారు. ఇన్నేళ్ల కాపురంలో ఎన్ని మాటలు ఆడుకున్నామో, వాటిలో ఒక మంచిమాట చివరికి మిగిలుంటే ఏం పోయేది? మిగిలింది పిల్లిపెంట.

ఆ పెంట మాటతో మొదలుపెట్టి నేను ఒక పెళ్లి పరుపును పాడుచేశాను. ఒక కొత్త పెళ్లికొడుకును శోభనం గది బయట పడుకోబెట్టాను. నాకున్న ఒక్క నీడనూ పోగొట్టుకున్నాను. అది ఎట్లాగో చెబుతాను, నవ్వుకోండి. నాకు రాని నవ్వు మీకైనా రానీ.

మేము దూదేకులవాళ్లం. పత్తి ఏకి పరుపులు కుట్టి బతికేవాళ్లం. పత్తి ఉన్నచోట ఎలుకలుంటాయి. అందుకని మా ఆయన ఒక పిల్లిని తెచ్చి సుల్తాను అని పేరు పెట్టాడు. ఇరుకు వీధి, బయట కుక్కలు, అందుకని దాని దొడ్డికి ఇంట్లోనే ఒక ప్లాస్టిక్ తొట్టి పెట్టాడు. తొట్టిలో ఇసుక, గిన్నెలో మా పులుసన్నం లాంటిదేదో కాకుండా ఉడికించిన కోడిముక్క, ఇంత అన్నం. పిల్లి పాలకు అరిచి నేను పోయబోతే కసిరేవాడు, పిల్లిని కాదు, నన్ను.

ఆయన పోయాక సుల్తానుకు దొరతనం వచ్చింది. బతికుండగా మొగుడికి చేయని మర్యాదలన్నీ నేను ఆ పిల్లికి చేశాను. పొద్దున గిన్నెడు పాలు. మధ్యాహ్నం ఎండుచేపలు. సాయంత్రం కోళ్ల అంగడివాడు పారేసే పేగులు. అది తిని మీసాలు నాక్కుంటుంటే, ఆయనే నన్ను క్షమించినట్టు అనిపించేది. క్షమాపణ ఆ పూటకే. మర్నాడు పొద్దున తొట్టి దగ్గరికి పోతే కళ్లలో నీళ్లు కారేవి. చూసినవాళ్లు పాపం మొగుడి కోసం ఏడుస్తోంది అనుకునేవాళ్లు.

పక్కింటి హనుమక్క గోడ మీదుగా ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని అడిగింది.

"పీరమ్మక్కా, ఏం సచ్చింది మీ ఇంట్లో?"

"నా మొగుడు."

ఆమె మళ్లీ చాలా రోజులు గోడ దగ్గరికి రాలేదు.

తిండి మార్చాలని నా బుర్రకు తట్టలేదు. తప్పంతా ఇసుకదే అనుకున్నాను. నీళ్లు ఒలికితే దేనితో అద్దుతాం? దూదితో. మరి పిల్లి తడిని మాత్రం దూది పీల్చదా? ఇంట్లో తుక్కు పత్తికి కొదవ లేదు. ఇసుక పారబోసి తొట్టి నిండా పత్తి కూరాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. పెట్టెలో మా ఆయన పండగలకు పూసుకునే అత్తరు సీసా ఉంది. దాన్ని తెచ్చి పత్తి మీద చల్లాను.

సుల్తాను తొట్టి చుట్టూ తిరిగి నా ముఖంలోకి చూశాడు. లంచం ఇవ్వబోతే కోపం నటించే ఆఫీసరు చూసినట్టు చూశాడు. తొట్టితో పాటు స్నానాల గదిలో పెట్టి తలుపేశాను. అరిచాడు, బిగబట్టాడు, చివరికి ఓడిపోయి అత్తరు పత్తిలో కూర్చున్నాడు. ఆ తర్వాత అదే అలవాటైంది. పత్తి కనిపిస్తే చాలు, పైన అత్తరు వాసన కూడా తగిలితే ఇక అడగక్కర్లేదు, అది తన చోటు. పిల్లికి చదువు చెప్పానని మురిసిపోయాను. నాకు ఎవరు చెప్పారో చదువు.

నలభయ్యో దినం ఆయన పేర ఫాతెహా చదివించడం అయ్యాక మా ఆడబిడ్డ మస్తానమ్మ ఎమ్మిగనూరు నుంచి వచ్చింది.

"ఒంటిగా ఏం చేస్తావు వదినా? మా ఇంటికి రా. ఉన్నదాంట్లో ఇంత తిందువు."

"పిల్లి?"

"తెచ్చుకో. అన్న పిల్లి కదా."

ఆదోనిలో అద్దె ఇల్లు ఖాళీ చేశాను. నాకు పిల్లలు లేరు. ఇక మస్తానమ్మ ఇల్లు తప్ప నాకు చోటు లేదు. ఆ సంగతి వాళ్లకూ తెలుసు, నాకూ తెలుసు. కాకపోతే వాళ్లు మర్యాదకు అనలేదు.

మస్తానమ్మ మొగుడు ఖాసీమన్నదీ పరుపుల పనే. ముందు అంగడి, వెనక ఇల్లు, బడికి పోయే కూతురొకతె. నేను తలుపు తీయగానే సుల్తాను బుట్టలోంచి తల బయటపెట్టాడు. అంగడి నిండా పత్తి కొండ. మనకు ఎవరైనా ఉన్నట్టుండి ఊరంత మరుగుదొడ్డి కట్టిస్తే ఎట్లా ఉంటుందో, అట్లా అయింది దాని ముఖం.

కొన్నాళ్లకు మస్తానమ్మ ముక్కు ఎగబీల్చడం మొదలుపెట్టింది.

"అంగట్లో ఏందో వాసనొస్తాంది వదినా."

"కొత్త పత్తి కదా, పచ్చి వాసన."

ఖాసీమన్నకు ఏ వాసనా తెలియదు. చిన్నప్పటి నుంచి పీల్చిన పత్తి దుమ్ముకు ఆయన ముక్కు ఎప్పుడో మూతపడింది. నాకు మాత్రం తెలిసిపోయింది. చెబితే పిల్లిని పంపించేస్తారు. పిల్లి పోతే మా ఆయనకు నేను చేసే ఆ కాస్త సేవ కూడా పోతుంది. అందుకని ఇంట్లో ఎవరూ లేనప్పుడు అత్తరు సీసా తీసి పత్తి కొండ మీద బాగా చల్లాను.

మీకు అర్థమైంది కదా. నాకు కాలేదు. దాచిపెడుతున్నాను అనుకుంటూ నేను ఆ పిల్లికి పిలుపు పంపాను.

అదే వారంలో గూడూరు నుంచి పెళ్లి పరుపు బేరం వచ్చింది. ఖాసీమన్న పత్తిని గుప్పెడు తీసి చూశాడు.

"ఇందులో ఏమన్నా చల్లినారా ఎవరన్నా? చెయ్యి జిడ్డుగా ఉండాదే."

"నేనే అన్నా, అత్తరు. పెళ్లి పరుపు కదా అని."

"మంచి పని చేసినావు పీరమ్మా. మాకెప్పుడూ తోచలే."

ఆ ఇంట్లో నాకు దొరికిన మొదటి మెచ్చుకోలు అదే. చివరిదీ అదే.

పెళ్లి తొందరలో మళ్లీ ఏకకుండానే పత్తి కూరి పరుపు కుట్టి పంపారు. పెళ్లి అయింది. మర్నాడు అంగడి ముందు ఆటో ఆగింది. పెళ్లికూతురి మేనమామ దిగి, పరుపును నడివీధిలో దబ్బున పడేశాడు.

"ఏమప్పా, ఇందులో ఏం కుట్టినావు?"

"పత్తే అన్నా. ఇంకేం కుడతాం?"

"పెళ్లికొడుకు గదిలోకి పోయినంత సేపు లేదు, బయటికొచ్చి బండ మీద పండుకున్నాడు. పిల్ల మీద అలిగినాడని మా ఇంట్లో ఒకటే ఏడుపులు. తీరా చూస్తే అలిగింది పిల్ల మీద కాదు, నీ పరుపు మీద."

"కొత్త పత్తికి వాసనుంటాదన్నా."

"కొత్తదే ఇట్లుంటే పాతది ఎట్లుంటాదప్పా? నువ్వే ముక్కు పెట్టి చూడు."

ఖాసీమన్న వంగి చూశాడు. ఏమీ తెలియలేదు. తలెత్తి, "మంచి అత్తరు వాసనే కదా" అన్నాడు. వీధంతా ముక్కు మూసుకొని నవ్వింది. మేనమామ కత్తెర అందుకొని పరుపును ఈ చివరి నుంచి ఆ చివరికి చీల్చాడు. లోపల పత్తి పసుపురంగు మరకలతో ముద్దలు కట్టి ఉంది. కొన్ని ముద్దల్లో ఏమున్నాయో నేను చెప్పను, మీరు అన్నం తినాలి కదా.

సుల్తాను గడప మీద కూర్చొని కాలు నాక్కుంటున్నాడు. జనమంతా దాన్ని చూశారు. మస్తానమ్మ ఒక్కతే నన్ను చూసింది.

కొత్త పరుపు కుట్టిస్తామని బతిమాలి వాళ్లను పంపారు. ఖాసీమన్న పిల్లిని ఎత్తుకొని పశువుల డాక్టరు దగ్గరికి పోయి అడిగి వచ్చాడు. పాలు, ఎండుచేపలు, పేగులు మాన్పించమన్నాడట. ఉడికించిన కోడి, కొంచెం అన్నం, తాగడానికి మంచినీళ్లు పెట్టమన్నాడట. తొట్టిలో ఏ వాసనా లేని పొడి ఇసుక పోసి, రోజూ గంటెతో తీసేస్తే చాలన్నాడట. మా ఆయన చేసిందంతా ఇదే. దానికి నేను ముక్కు మూసుకునేదాన్ని.

నేను అప్పటికే మూట కట్టుకున్నాను. వాళ్లు అనకముందే అనాలని, కాస్త రోషంగా బుట్ట తెరిచాను.

"సుల్తానును తీసుకొని పోతా అన్నా. మీకు మళ్లీ ఈ బాధ వద్దు."

"పిల్లిని యాడికి తీస్కపోతావమ్మా? అంగట్లో ఒక్క ఎలుక లేకుండా చేసినాది. అదుండనీ. తప్పు దానిది కాదు కదా."

"అయితే నేను?"

ఖాసీమన్న కత్తెర వెతుక్కుంటూ అంగట్లోకి పోయాడు. మస్తానమ్మ గిన్నె తోముతూనే, తల ఎత్తకుండా చెప్పింది.

"ఆదోని బస్సు ఇప్పుడే ఉండాది వదినా."

మళ్లీ ఆదోనిలోనే ఒక గది తీసుకున్నాను. మిల్లులో పత్తి ఏరి బతుకుతున్నాను. ఎమ్మిగనూరులో ఇప్పుడు వాసన అనేదే లేదట. వదిన పోయినాకే ఇల్లు బాగుపడిందని మస్తానమ్మ అందట, సెలవులకు నా దగ్గరికొచ్చిన ఆమె కూతురు చెప్పింది. ఆమె ఇసుక సంగతే చెప్పి ఉంటుందని నేను అనుకుంటున్నాను. అనుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా.

కాబట్టి మా వీధి పీర్ల సాక్షిగా ఒట్టు పెడుతున్నాను. ఇక ఈ జన్మలో పిల్లికి పాలు పోయను. ఎండుచేప పెట్టను. తొట్టిలో దూది కూరను, దాని మీద అత్తరు చల్లను. ఇది తప్పకుండా నిలబెట్టుకుంటాను. నాకిప్పుడు పిల్లి లేదు.

అంతే రేష్మా, అయిపోయింది, ఇక రాయడం ఆపు. ఏదీ, మొదటి నుంచి ఒకసారి చదువు. మీ అమ్మ మాటలు వచ్చినచోట గొంతు తగ్గించొద్దు.