ఇంజన్ ఆపే ముందు

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా టర్బో బండి ఎందుకు పాడవుతుందో నాకు ముందే తెలుసు.

గద్వాల నుంచి మా ఊరు వడ్డేపల్లికి నాయన పాత జీపు నడిపేవాడు. పెద్ద ఇంజన్, దాని బలం పెంచే టర్బో లేదు. డీజిల్ బాగా తాగేది కాని ఎంత మోటుగా వాడినా ఓర్చుకునేది. మా వీధి మలుపు రాగానే నాయన ఇంజన్ ఆపేసేవాడు. డీజిల్ మిగులుతుందని జీపోళ్ళందరికీ అదే అలవాటు. బండి దొర్లుకుంటూ గుమ్మం దాకా వచ్చేది. అమ్మ లేని ఇంట్లో పుస్తకం ముందు కూర్చున్న నాకు, కంకర మీద టైర్ల చప్పుడు వినిపిస్తే ఆయన వచ్చినట్టు.

నేను ఇంటర్లో ఉండగా జీపు అమ్మి, టర్బో ఉన్న పాత బండి కొన్నాడు. పత్తి విత్తనాల వాళ్ళు పొలాలు చూడటానికి అలాంటివే కిరాయికి అడుగుతున్నారట. ఇంజన్ చిన్నదే అయినా, వేగం అందుకుంటే జీపుకన్నా బాగా లాగుతుందని మురిసిపోయాడు. ఆయనకు చదువు రాదు. బండితో వచ్చిన ఇంగ్లిషు పుస్తకం నాకిచ్చాడు. ఒక్క సాయంత్రంలో చదివేశాను. దూరం నడిపాక ఇంజన్ వెంటనే ఆపకూడదు, ఒకటి రెండు నిమిషాలు ఊరికే నడవనివ్వాలి, లేకపోతే వేడి మీదున్న టర్బో నూనె అందక పాడవుతుందని ఉంది. ఆ మాట డైరీలో కూడా రాసుకున్నాను.

మర్నాడు అరుగు మీద జీపోళ్ళు నలుగురు కూర్చుని ఉండగా నాయన పిలిచి ఆ పుస్తకం సంగతి అడిగాడు.

"ఏం రాసిన్రు బిడ్డా గండ్ల?"

ఇగ మనకు పంతులమ్మ డ్రైవింగ్ నేర్పుతదని వాళ్ళలో ఒకాయన నవ్వాడు. నూనె మార్చాలంట అని చెప్పి లోపలికొచ్చేశాను. తర్వాత చెబుదామనుకున్నాను. రోజూ మలుపు దగ్గర ఇంజన్ ఆగేది. రోజూ విన్నాను.

ఏడాది తిరక్కుండా వనపర్తి దారిలో పొగ కక్కి బండి ఆగిపోయింది. టర్బో కాలింది. దూరం నుంచి రాగానే ఇంజన్ ఆపేసేవాడివా అని మెకానిక్ అడిగాడట. నాయన ఆ మాట చెప్పి అన్నం ముందు కూర్చున్నాడు. నేను చారు పోశాను.

బండి అమ్మేసి, నాగర్‌కర్నూల్‌లో ఒకరి దగ్గర డ్రైవరుగా కుదిరాడు. ఇంట్లో చెవులు వినబడని ముసలి అవ్వ, నేను మిగిలాం. ఎవరితోనూ మాట్లాడని రోజులు డైరీలో చాలా ఉన్నాయి.

ఒకసారి యజమానిని వడ్డేపల్లిలో దింపి, తిరిగి తీసుకెళ్ళేలోగా మా గుమ్మం ముందు ఆగాడు. అదీ టర్బో బండే. ఇంజన్ ఆపలేదు. చెంబుతో నీళ్ళిచ్చి, "నాయినా, ఆ పుస్తకంల" అన్నాను. ఆ చప్పుడులో ఆయనకు సరిగ్గా వినబడలేదు. ఇంజన్ ఎందుకు ఆపలేదని అడుగుతున్నాననుకున్నాడు.

ఆ నెలలోనే జ్వరమొచ్చి నాగర్‌కర్నూల్ దవాఖానలో పోయాడు. ఆ రోజు చెంబు నా చేతికిస్తూ అన్నదే ఆఖరి మాట.

"జరసేపు గిట్లనే నడవనియ్యాలె బిడ్డా, ఎంటనే బంద్ చెయ్యొద్దు. నాకు గప్పుడు చెప్పెటోళ్ళు లేకపాయె."