శనివారం చేపలకు పిండి ముద్దలు

గాజువాక వైపు మా అక్కావాళ్ల కాలనీలో చెరువు బాగుపడిందని, వచ్చి చూడమని బావ ఒకటే పోరు. ఆ చెరువును పచ్చటి తెట్టుగా తప్ప నేనెప్పుడూ చూసి ఎరగను. సరే కదా అని ఓ శనివారం ఏడు దాటాక ఎలమంచిలిలో పాసింజరు ఎక్కాను.

దువ్వాడలోనే దిగడం మేలు. విశాఖ దాకా పోతే మళ్లీ వెనక్కి రావాలి. స్టేషన్ బయట ఇడ్లీ తిని షేర్ ఆటో ఎక్కాను. చెరువు దగ్గర దింపమంటే పక్కనున్నావిడ నవ్వింది. "ఒకప్పుడు ఆ మలుపు కాడ ముక్కు మూసుకునేవోలం. ఇప్పుడు మా ఆయన అక్కడికే వాకింగుకెల్తన్నాడు."

బావ గట్టు మీదే ఎదురొచ్చాడు. ఉక్కు ఫ్యాక్టరీలో చేసి రిటైరైన మనిషి. గుండె ఆపరేషన్ అయ్యాక డాక్టరు రోజూ నడవమంటే, ఈ కంపులో నడవనని మొండికేశాడు. చివరికి కాలనీవాళ్లని కూడగట్టి చెరువునే బాగు చేయించాడు. మురుగు కాలువ పక్కకు మళ్లించారు, నాచు తోడేశారు, తేలే చట్రాల్లో వట్టివేరు నాటారు. నాచును పెంచే సారమంతా ఆ వేళ్లు పీల్చేసుకుంటాయట. కొత్త ఇల్లు కట్టుకున్నవాడిలా మూలమూలా తిప్పి చూపించాడు. నీళ్లు నిజంగానే తేటగా ఉన్నాయి.

మెట్ల దగ్గర మాత్రం మళ్లీ పచ్చగా తెట్టు కట్టింది. ఇదేంటని అడిగితే బావ గొంతు తగ్గించాడు.

"మీ అక్కే. నా గుండె బాగుండాలని శనివారం శనివారం సేపలకి పిండి ముద్దలేత్తానని మొక్కుకుంది. ఆవిణ్ని సూసి కాలనీ ఆడోలంతా మొదలెట్టీసారు. మిగిలిన పిండి కుల్లి నాచుకి మేతైపోతంది. ఎండాకాలానికి సెరువంతా మల్లీ పచ్చబడిపోతాది. నా కోసం సేత్తంటే నానెలా వద్దంటాను? నువ్వు సెప్పు బావా."

మాటల్లోనే అక్క స్టీలు డబ్బాతో రానే వచ్చింది. పిండి నాచుకు మేతవుతున్న సంగతి ఎలాగో చెప్పేశాను. అక్క ముఖం చిన్నబోయింది.

"మొక్కు తప్పితే మీ బావకేటైనా అయితే?"

"కంపు మళ్లీ వస్తే బావ నడక మానేస్తాడక్కా."

అక్క మెట్ల మీద కూలబడింది. చేపలు అలవాటుగా వచ్చి మూతులు తెరిచాయి. కాసేపటికి డబ్బా మూత బిగించి, వాటికి దండం పెట్టింది. "ఏటీ అనుకోకండమ్మా. ఆయన నడవాల," అంది. బావ అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

మధ్యాహ్నం చేపల పులుసుతో భోజనం. అవి బజారు చేపలేనని అక్క ఒట్టేసి మరీ చెప్పింది. సాయంత్రం బండిలో కిటికీ పక్కన సీటు దొరికింది. బీచీ, కైలాసగిరీ చూడకుండా విశాఖ వైపు వెళ్లి రావడం నాకిదే మొదలు. అయినా ఏ లోటూ అనిపించలేదు.

అనకాపల్లి దాటుతుండగా బావ ఫోన్ చేశాడు. ఆయాసపడుతున్నాడు.

"మీ అక్క మొక్కు మార్చీసింది బావా. పిండి ముద్దలకి బదులు నాతో పాటు సెరువు సుట్టూ తిరుగుతాదంట. ఇయాలే మొదలెట్టీసింది. నానందుకోలేకపోతన్నాను."

వెనకనుంచి అక్క గొంతు వినిపించింది. "ఫోన్లో కబుర్లెట్టుకుని నిలబడిపోతావేటి? నడువు!"