గులాబీ రంగు పీట

మా అత్తగారు చిత్తుకాగితాలు, మెంతులు నానబెట్టి, రోట్లో దంచి, ఆ ముద్దను బోర్లించిన కుండ మీద మందంగా మెత్తి పీటలు చేసేది. ఎవరైనా "ఎంత కళ!" అంటే కసురుకునేది: "కళేటి? సెత్త."

పోలీసులు నక్సలైట్ల కోసం మా శ్రీకాకుళం పల్లెలను గాలిస్తున్న రోజులవి. మాస్టరీ చేసే మా ఆయన పెట్టెలో ఎర్ర అక్షరాల కరపత్రాలు ఆవిడ కంటబడ్డాయి. కాలిస్తే పొగ నలుగురికీ కనబడుతుందని, వాటినీ నానబెట్టేసింది. పీట గులాబీ రంగు తేలింది.

అది ఎండిన వారానికే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఇల్లంతా తిరగేయించి, అలసిపోయి, ఆ పీట మీదే కూర్చున్నాడు.

"ఇది దేనితో చేశావు?" అంటూ గోటితో గీకాడు.

చిత్తుకాగితాలంటే, ఏ కాగితాలని అడుగుతాడు. అత్తగారు కొంగు సర్దుకుంది.

"అది... కళ బాబూ," అంది.

ఇన్‌స్పెక్టరు ముచ్చటపడి పీటను జీపులో వేయించుకుపోయాడు.

ఆ తర్వాత చినుకు పడితే చాలు, ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకునేది.

"ఒసే, ఆ పీట తడిస్తే అచ్చరాలు పైకి తేల్తాయేటే?"