కీబోర్డుకు గణపరీక్ష

వాగ్దేవికి వందనం. ఆమె ఒడిలోని వీణెకూ, ఆ వీణె తంత్రులకూ, ఆ తరువాతి వరుసలో నా బల్లమీది నూటనాలుగు మీటలకూ వందనం. శ్రీ విశ్వావసు నామ సంవత్సర మాఘ శుద్ధ దశమి నాడు, పెందుర్తిలో, భోజనానంతరం, చదువరుల సహనాన్నే నమ్ముకుని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆ రోజుల్లో నేను నిండు యౌవనంలో ఉన్నాను. అంటే అరవై ఒకటో యేడు నడుస్తోంది. యౌవనం మనిషికి ఒకసారే వస్తుందని లోకం అనుకుంటుంది గాని, నాకు రెండుసార్లు వచ్చింది. మొదటిసారి వచ్చినప్పుడు మా గురువుగారి ముందుగదిలో సంధులూ సమాసాలూ వల్లెవేస్తూ ఉండడంవల్ల అది వచ్చినదీ పోయినదీ నేను గమనించలేదు. రెండోసారి, ప్రాచ్య కళాశాలలో ఉద్యోగ విరమణ చేసి శాలువా కప్పించుకుని ఇంటికి చేరిన మూడో నెలలో, నా బావమరిది చొక్కా జేబులోని పెన్‌డ్రైవులో దాగి వచ్చింది. అందులో ఒక కంప్యూటరు ఆట ఉంది.

బావమరిది అంటే మా గురువుగారి ఏకైక పుత్రుడు. (వారి ఏకైక పుత్రిక నా ధర్మపత్ని. చుట్టరికాలు ఇంతటితో సమాప్తం.) తండ్రిగారి పాండిత్యానికి దూరంనుంచే నమస్కరించి, ఉక్కు కర్మాగారంలో ముప్పై ఏళ్లు క్రేను నడిపి, గాజువాకలో ఇల్లు కట్టుకుని, అక్కడి పనివారి భాషను కన్నబిడ్డలా సాకినవాడు. గోదావరి ఒడ్డునుంచి చదువుకోసం వచ్చి ఇక్కడే పాతుకుపోయిన నాకు, నలభై ఏళ్లయినా ఆ భాష చెవిని పడుతుంది గాని నోటికి రాదు. ఆట ఏమిటంటే, ఇద్దరేసి చొప్పున జట్లు కట్టి, ఒక ద్వీపం మీద తుపాకులతో తిరుగుతూ, కనబడినవారినల్లా కాల్చడం. జీవితమంతా చీమను తప్పించి అడుగు వేసినవాడిని, మొదటి మధ్యాహ్నమే ముగ్గురిని పరలోకానికి పంపి కాఫీ అడిగాను. అతడు గాజువాకలోనూ నేను పెందుర్తిలోనూ కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆడేవాళ్లం. మొదట్లో నేనూ మాట్లాడేవాడిని. "ఈశాన్య దిశయందు ఒక శత్రువు పొంచి ఉన్నట్లు..." అని నేను వాక్యం పూర్తిచేసేలోగా ఆ శత్రువు మా ఇద్దరినీ పూర్తిచేసేవాడు.

"నీ ఈశాన్యం ఏటి బావా! కుడో ఎడమో సెప్పలేవా? నీ సమాసం అయ్యేసరికి నా పేణం పోతంది. నువ్వు నోరు ముయ్యి. నాను సెప్తాను, నువ్వు యిను" అని నాకు మౌనవ్రతం విధించాడు. ముప్పై రెండేళ్లు తరగతుల నోరు మూయించినవాడికి అదొక అనుభవం.

ఇక్కడ ఒక నేరం ఒప్పుకోవాలి. ఆ కంప్యూటరు ఆటకోసం కొన్నది కాదు. మా గురువుగారు నూట ఎనిమిది ఆటవెలదులతో ఒక శతకం రాసి, అచ్చు వేయించకుండా, అర్థం రాసిపెట్టకుండా వెళ్లిపోయారు. ఉద్యోగం దిగిన వెంటనే దానికి వ్యాఖ్య రాస్తానని నా భార్యకు మాట ఇచ్చాను. ఆమెకు ఆ పద్యాలన్నీ కంఠస్థం. అర్థాలు మాత్రం తెలియవు. నాకు తెలుసునని ఆమె నమ్మకం. ముప్పై ఆరు పద్యాలవరకు ఆ నమ్మకం నిలిచింది. ముప్పై ఏడో పద్యం దగ్గర నా పాండిత్యం బురదలో దిగిన బండిలా ఆగిపోయింది. ఎన్ని నిఘంటువులు తిప్పినా కదలలేదు. తెలియడం లేదని గురువుగారి కూతురితో చెప్పడానికి నోరు రాలేదు. సరిగ్గా అప్పుడే పెన్‌డ్రైవు వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి తలుపు దగ్గరగా వేసుకుని కూర్చునే నన్ను చూసి, వ్యాఖ్య చకచక సాగుతున్నదని ఆ ఇల్లాలు గదివైపు ఎవరినీ రానిచ్చేది కాదు. (పాల డబ్బా పెట్టే శబ్దం కూడా కాకుండా చూసేది. ఈ వాక్యం రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి.)

అప్పటికి నా దగ్గరున్నది కళాశాలవారు తీసేసిన పాత కీబోర్డు. అందులో డబ్ల్యూ మీట ఒకనాడు దిగినది మళ్లీ లేవలేదు. ఆటలో మనిషిని ముందుకు నడిపించేది ఆ మీటే. దానితో నా వీరుడు నేను చెప్పకుండానే నడక మొదలుపెట్టి, మైదానం దాటి, ఇసుక దాటి, తిన్నగా సముద్రంలోకి దిగిపోయాడు.

"ఏటి బావా, అలాగెల్లిపోతన్నావ్? తానానికా?" అని చెవిలో కేక. "కొత్త కీబోర్డు కొనాల. లేపోతే మన జట్టు ఉండదు."

నా భార్య దగ్గరకు వెళ్లి, వకారం పలకడం లేదని చెప్పాను. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడే పద్ధతిలో నాకు వకారం ఆ మీటమీదే ఉంది కనుక, వ్యాకరణరీత్యా అది అసత్యం కాదు. "వకారమే లేకపోతే 'వ్యాఖ్య' అన్న మాటకే ఆరంభం లేదు కదా" అని కూడా అన్నాను. ఆమె ఒక్క క్షణం నా ముఖం చూసి, "నాన్నగారి పని. మంచిదే చూసి తెచ్చుకోండి" అంది. ఆ 'మంచిదే' అన్న మాట బస్సు ఎక్కేవరకు గుచ్చుకుంది. ఎక్కాక కిటికీ పక్క సీటు దొరికింది. తగ్గిపోయింది.

పాత ఊళ్లో మా బావమరిదికి తెలిసిన ఒక భాయ్ దుకాణం ఉంది. వారి తండ్రి టైపు మిషన్లు బాగుచేసేవాడట. కొడుకు కంప్యూటర్లు అమ్ముతున్నాడు. ఓడరేవు బొగ్గుగుట్టలనుంచి ఎగిరొచ్చిన నల్లదుమ్మును మెత్తని గుడ్డతో తుడుస్తూ మా ముందు మూడు కీబోర్డులు పరిచాడు. మీటల అడుగున ఉండే స్విచ్చులు మూడు రంగులట. ఎర్రవి మెత్తగా, చప్పుడు లేకుండా దిగుతాయి. గోధుమరంగువి కొంచెం తగులుతాయి. నీలివి నొక్కిన ప్రతిసారీ టిక్కుమంటాయి.

"ఆటకైతే ఎర్రది, సార్. ఆడేవాళ్లందరూ అదే పట్టుకెళ్తారు" అన్నాడు భాయ్.

బావమరిది ఎర్రదానిమీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని, తలాడించాడు. "ఇదీ మీటంటే. ఎన్న నొక్కినట్టుంది. క్రేనులో టిక్కుమన్న మీట సెడిపోయిన మీట బావా. వర్క్‌షాపుకి రాసేసీవోళ్లం. ఇది తీసేసుకో."

అంతటితో తీసుకుని ఉంటే నాకు ఈ వ్యాసం రాసే అవసరం ఉండేది కాదు. కాని వస్తువును పరీక్షించకుండా పుచ్చుకోవడం మా సంప్రదాయంలో లేదు. ఆటకోసం కొంటున్నది కనుక, అందుకు తగినట్టే ఆటవెలదితో పరీక్షించదలచాను. ఏదో ఒక అక్షరం మీట లఘువు. మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదిలే పొడుగు మీట గురువు. కళ్లజోడు సవరించుకుని, ఎర్రదానిమీద మొదటి పాదం వాయించాను. గురువూ లఘువూ రెండూ ఒకే తీరున, గోడకు చెప్పుకున్నట్టు దిగిపోయాయి. గోధుమరంగుది లఘువును మింగి గురువును నసిగింది. నీలిదానిమీద వేలు పెట్టాను. ఆహా! గలం, గలం, నగణం, తగణం, సలం. ఏ గణానికి ఆ గణం కట్టు విడదీసినట్టు పలికింది. నాలుగో గణం మొదట యతిస్థానం దగ్గర నా తల దానంతట అదే ఊగింది. నాలుగు పాదాలూ పూర్తయి తల ఎత్తేసరికి దుకాణంలో చార్జర్లకు వచ్చినవారు, ప్రింటరు ఇంకుకు వచ్చినవారు చుట్టూ మూగి ఉన్నారు.

"సార్, మీరు తబలా నేర్పుతారా?" అని అడిగాడు భాయ్, ఎంతో మర్యాదగా.

"పంతులుగారు" అన్నాడు బావమరిది, తల దించుకుని. "ఇంటికాడ బాగానే ఉంటారు."

నీలిదే కావాలన్నాను. "చప్పుడు ఎక్కువ సార్, ఇంట్లోవాళ్లు తిడతారు. నిన్న కొన్నాయన ఇవాళ వాపసు తెచ్చాడు" అని భాయ్ చెప్పాడు. తన సరుకును తానే వద్దనే వర్తకుణ్ణి ఆ ఒక్కసారే చూశాను. అయినా, గణం పలికిన వస్తువును వదిలి మూగదాన్ని ఎలా తేను? గాజువాక ఆటో ఎక్కుతూ బావమరిది, "అక్కకి ఇనబడితే నాకు సంబంధం లేదు" అన్నాడు.

నా పాండిత్యంలో ఒక చిన్న లొసుగు ఉంది. ఆడేటప్పుడు నా చెవులకు హెడ్‌ఫోన్లు ఉంటాయి. అంటే ఏ నాదంకోసం ఆ కీబోర్డు తెచ్చానో ఆ నాదం నాకు తప్ప ఇంటిల్లిపాదికీ, అనగా ఇంట్లో మిగిలిన ఒక్క వ్యక్తికీ, స్పష్టంగా వినబడుతుంది. ఇది నాకు తట్టలేదు. పైగా ఆటలో పొడుగు మీట నొక్కితే మనిషి గెంతుతాడు. నాకు భయం వేసినప్పుడల్లా గెంతే అలవాటు. ఆ ద్వీపం మీద నాకు భయం వెయ్యని క్షణం అరుదు.

కీబోర్డు వచ్చిన పన్నెండో రోజు మధ్యాహ్నం, ఒక కొబ్బరిచెట్టు చాటున నేను ప్రాణభయంతో గెంతుతూ ఉండగా, వెనకనుంచి ఎవరో నా చెవిమీది హెడ్‌ఫోన్లు మెల్లిగా తొలగించారు.

"ఏవండీ, ఒక సందేహం" అంది నా భార్య. చేతిలో సగం ఏరిన గోంగూర ఉంది. "వ్యాఖ్య ఎంతవరకు వచ్చింది?"

"ముప్పై ఏడో పద్యం. చాలా లోతైనది."

"ఎంత లోతో వినబడుతూనే ఉంది. ఇందాక వరసగా ఇరవైమూడు ఖాళీలు కొట్టారు. మధ్యలో ఒక్క అక్షరం పడలేదు. నేనూ టైపు లోయరు పాసయ్యానండి. మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉంటుందని నేర్పారు. ఖాళీకీ ఖాళీకీ మధ్య ఖాళీయే ఉండే వ్యాఖ్య ఏ సంప్రదాయమూ?"

"అది... ఆలోచిస్తూ..."

"ఆలోచిస్తూ రెండే మీటలు మార్చి మార్చి నలభైసార్లు కొట్టారు. పదకొండు రోజులుగా వింటున్నాను. పద్యం కొడితే నాకు తెలియదా? ఒక్క రోజైనా ఒక్క పద్యం పడలేదు." ఆమె తెరమీద నా శవాన్ని చూసింది. (అప్పటికి కాల్చేశారు.) "గోడవతలనుంచి వినడం నాకు కొత్తేం కాదండి. నాన్నగారు ముందుగదిలో మీకందరికీ పాఠం చెబుతుంటే నేను వంటింట్లో పప్పు రుబ్బుతూ విన్నాను. పద్యం పైకి చదివేవారు, అందుకని పద్యాలన్నీ వచ్చాయి. అర్థం మాత్రం గొంతు తగ్గించి చెప్పేవారు. అది నాకు వినబడేది కాదు."

ఆమె చేతిలోని హెడ్‌ఫోన్లలో ఒక గొంతు గగ్గోలు పెడుతోంది: "బావా! ఎక్కడున్నావ్? సచ్చిపోనావేటి?"

ఆమె వాటి మైకు నోటిదగ్గర పెట్టుకుని, "ఒరేయ్, మీ బావ ఇక్కడ కూడా చచ్చిపోయారు. నువ్వు రేపు పొద్దున్నే ఇంటికి రా" అంది. అటు అతడు తక్షణం ఆటలోంచి జారుకున్నాడు.

మర్నాడు ఉదయం విచారణ జరిగింది. శిక్ష ఇది. దినానికి ఒక పద్యానికి వ్యాఖ్య రాయాలి, రాసినది పైకి, గొంతు తగ్గించకుండా చదవాలి, ఆమెకు అర్థమైందనిపిస్తేనే మధ్యాహ్నం ఒక గంట ఆట. తండ్రిగారి శతకాన్ని ఒక్కనాడూ ముట్టనందుకు సహనిందితుడు కూడా కూర్చుని వినాలి.

"నానెందుకక్కా? నాకేటి తెలుస్తాది?"

"తెలియకపోతే తెలుసుకుంటావు. కూర్చో. మీరు మొదలుపెట్టండి, ఆ లోతైనదే."

దాచడానికి ఇక చోటు లేక, ముప్పై ఏడో పద్యం మొదటి పాదం చదివాను: "ఏటి నీదు కరుణ యేనాటికిని రాదు." గొంతు సవరించుకుని నా అవస్థంతా విన్నవించాను. "ఏరు అన్న శబ్దానికి షష్ఠిలో 'ఏటి' అని రూపం. భగవంతుని కరుణ నదివంటిది, అది ఏటి కరుణ. మరి నది ప్రవహించి రావాలి కదా, 'యేనాటికిని రాదు' అన్నారేమి? కనుక ఇది ఎండిన ఏరు కావచ్చును. లేదా మూలంలో ఏదో అక్షరం జారిపోయి ఉండవచ్చును. గురువుగారి చేతిరాతను సవరించే సాహసం..."

బావమరిది నోట్లోని కాఫీ నేలపాలైంది.

"ఏరేటి బావా! నీ మొకం ఏరు! ఏటి నీ దయ, ఎప్పటికీ రాదేటని అడుగుతన్నాడు మా నాన్న. దేవుణ్ణి నిలేసి కడిగేత్తన్నాడు!"

'ఏమిటి' అన్న అర్థంలో ఆ మాట నలభై ఏళ్లుగా రోజుకు నూరుసార్లు నా చెవిన పడింది. దానికోసం నేను ఆరు నిఘంటువులు వెతికాను. తరగతిలో ఒక్క వ్యావహారిక రూపం దొర్లితే గుంజీలు తీయించిన మా గురువుగారు, దేవుడితో పోట్లాడవలసి వచ్చేసరికి ఇంటి భాషలోకి దిగారని నాకు ఎలా తడుతుంది? నా భార్య కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. తరువాత కళ్లు తుడుచుకుని, "కరెంటు పోయినప్పుడు కూడా నాన్నగారు ఈ గొంతుతోనే అనేవారు" అంది. నేను తప్పుగా చదివిన పాదాన్ని ఆమె ఆ గొంతుతో ఒకసారి చదివి వినిపించింది. అంతే. దానికి ఇక వ్యాఖ్య అక్కరలేదు.

ఇప్పుడు ఆ అరవై ఒక్కేళ్ల కుర్రవాడు గుర్తుకు వస్తే నాకు జాలీ నవ్వూ కలిసే వస్తాయి. తెలియదన్న మాట ఒక్కటి పైకి అనలేక, పాపం, పన్నెండు మధ్యాహ్నాలు కొబ్బరిచెట్టు చాటున గెంతాడు.

నిరుడు, శ్రీ క్రోధి నామ సంవత్సర వైశాఖ శుద్ధ సప్తమి నాడు నూట ఎనిమిదో పద్యానికి వ్యాఖ్య ముగిసింది. అదే రోజు సాయంత్రం నాలుగింటికి ఆటలో మా జట్టు ఓడిపోయింది.